దారంతో వీల్ అలైన్‌మెంట్: తప్పు దారానిది కాదు

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అదే వీడియో ఈ నెలలో మూడోసారి వచ్చింది. "అలైన్‌మెంట్ పేరుతో దోచుకుంటున్నారు. దారం, టేపు, రెండు స్పానర్లు చాలు, అరగంటలో మీరే చేసుకోవచ్చు" అని. అలైన్‌మెంట్ అంటే చక్రాలు సరైన కోణాల్లో నిలిచేలా సరిచేయడం. నేనూ దాన్ని నమ్మి, ఓ ఆదివారం కూకట్‌పల్లిలోని మా సెల్లార్‌లో మోకాళ్ల మీద పాకినవాణ్ణే. సోమవారం ఆఫీసుకు బయల్దేరితే కారు తిన్నగా పోతోంది, స్టీరింగ్ మాత్రం వంకరగా ఉంది. అందుకే ఆ వీడియో మాటలు ఒక్కొక్కటిగా చూద్దాం.

"మెషీన్ చేసేదే దారమూ చేస్తుంది." ఇందులో సగం నిజం. రేసుల వాళ్లు కూడా దారాలు కట్టి టో చూసుకుంటారు. టో అంటే, పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగాయా, బయటికా అన్నది. అయితే వాళ్లు దారాన్ని కారు మధ్యగీతకు సమాంతరంగా కడతారు. వీడియోలో ఆయన వెనక టైరుకూ ముందు టైరుకూ ఆనించి లాగేశాడు. చాలా కార్లలో ముందు చక్రాల మధ్య వెడల్పు, వెనక వాటి మధ్య వెడల్పు ఒకటి కావు. మొత్తం 10 మిల్లీమీటర్ల తేడా ఉందనుకోండి, ఒక్కో పక్క 5. అక్కడే దారం వంకరపోయింది. పైగా కొలిచింది సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద, అక్షరాల ఉబ్బుతో సహా. 14 అంగుళాల రిమ్ము రెండు అంచులకూ ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే చాలు, దాదాపు డిగ్రీలో ఆరో వంతు తప్పు.

"జాకీ దించి వెంటనే కొలవండి." అస్సలు వద్దు. జాకీ దించగానే చక్రాలు నేలను పట్టుకుని పక్కకు జరగవు, సస్పెన్షన్ కుదురుకోదు. కారును కాస్త ముందుకీ వెనక్కీ దొర్లించాలి. లేదా ఒక్కో చక్రం కింద రెండేసి టైల్స్, మధ్యలో గ్రీజు.

"ఫోన్ యాప్‌తో కాంబర్ కూడా చూసుకోవచ్చు." కాంబర్ అంటే, ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం. చూడొచ్చు, నేల సమంగా ఉంటే. మా సెల్లార్ నేల నీళ్లు పోవడానికి ఓ మూలకు వాలి ఉంది. రెండు చక్రాల మధ్య మీటరున్నర దూరంలో 13 మిల్లీమీటర్లు వాలితే అర డిగ్రీ తప్పు. మేస్త్రీల నీళ్ల ట్యూబు పెడితేగానీ ఆ వాలు నాకు తెలియలేదు. అయినా చాలా చిన్న కార్లలో కాంబర్ మార్చే ఏర్పాటే ఉండదు, కొలిచి ఏం చేస్తాం?

"టై రాడ్‌ను ఒక చుట్టు తిప్పండి." టై రాడ్ అంటే స్టీరింగ్ నుంచి వచ్చి చక్రాన్ని తిప్పే కడ్డీ, దాని పొడవు మారిస్తే టో మారుతుంది. నేను బోల్తా పడ్డది ఇక్కడే. మర ఒక చుట్టుకు మిల్లీమీటరున్నర జరిగితే, స్టీరింగ్ ఆర్మ్ (ఆ కడ్డీ చక్రాన్ని తిప్పే చేయి) 150 మిల్లీమీటర్లు ఉంటే, చక్రం అర డిగ్రీ పైనే తిరుగుతుంది. అది చాలా ఎక్కువ. నేను ఎడమ పక్క ఒక్కటే తిప్పాను. టో కుదిరింది, స్టీరింగ్ పక్కకు వాలింది. స్టీరింగ్‌ను నడిమికి కట్టేసి, రెండు పక్కలా కొంచెం కొంచెంగా తిప్పాలి. టై రాడ్ మీది రబ్బరు తొడుగు (బూటు) మెలిపడకుండా చూసుకోవాలి. అసలు అంతకంటే ముందే చక్రం పైకి లేపి, గడియారంలో తొమ్మిది, మూడు ఉండే చోట పట్టుకుని ఊపాలి. లొడలొడమంటే టై రాడ్ ఎండ్ పోయినట్టు అనుమానించాలి. మన స్పీడ్ బ్రేకర్లకు అదేం వింత కాదు. అరిగిన దానికి ఏ కొలతా నిలవదు.

"కారు పక్కకు లాగుతుంటే టో సరిచేయండి." ముందు గాలి చూడండి. తర్వాత ముందు టైర్లు అటూ ఇటూ మార్చండి, లాగుడు కూడా పక్క మారితే దోషం టైరుదే. ముందు చక్రాల టో తప్పితే ప్రధానంగా టైర్ల అంచులు అరుగుతాయి. 80 దాటాక స్టీరింగ్ వణికితే అది ఎక్కువగా బ్యాలెన్సింగ్ సంగతి.

"వేలు మిగులుతాయి." మా వైపు చిన్న కారుకు అయ్యేది కొన్ని వందలే. అలాగని సెంటర్లన్నీ సత్యహరిశ్చంద్రులని కాదు. ఒక చోట అన్నీ సరిగ్గా ఉన్నాయని ఆకుపచ్చ రంగులో చూపే ప్రింటవుట్ చేతిలో పెట్టారు, స్టీరింగ్ మాత్రం ఎప్పటి వంకరే. ఇప్పుడు పని మొదలుపెట్టక ముందు రీడింగ్ కూడా అడిగి తీసుకుంటున్నాను.

దారం ఇంకా డిక్కీలోనే ఉంది. పెద్ద గుంతలో పడిన రోజు కట్టి చూస్తాను. స్పానర్లు పక్కింటాయన తీసుకెళ్లాడు, అడగలేదు.