రాత నేర్పేవారికీ ఒక సంఘం కావాలి

గ్రంథచౌర్యానికి పాల్పడితే ఏ శిక్ష పడుతుందో యూజీసీ 2018 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. పరిశోధక విద్యార్థి సిద్ధాంత గ్రంథంలో ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాటితే ఆరు నెలల్లోగా సవరించి ఇవ్వాలి. 40 శాతం దాటితే ఏడాదిపాటు మళ్లీ సమర్పించే వీల్లేదు. 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. విద్యార్థులకు అవగాహన కల్పించాలని, శిక్షణ ఇవ్వాలని కూడా అవే నిబంధనలు చెబుతున్నాయి. మన విశ్వవిద్యాలయాల్లో శిక్ష సంగతి అందరికీ గుర్తుంటుంది, శిక్షణ సంగతి గుర్తుండదు. చదివిన విషయాన్ని సొంత మాటల్లో ఎలా పెట్టాలో, ఎవరి ఆలోచన ఎక్కడ ముగిసి తన ఆలోచన ఎక్కడ మొదలవుతుందో పక్కన కూర్చుని చూపించే మనిషి దొరకని విద్యార్థి అమీర్‌పేటలో తయారుగా దొరికే ప్రాజెక్టు రిపోర్టు కొనుక్కుంటున్నాడు. తప్పు అతనిది మాత్రమే అనడం అన్యాయం.

అమెరికా కళాశాలలకూ ఒకప్పుడు ఇదే సమస్య ఎదురైంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 1970లో హైస్కూలు పూర్తి చేసిన నగర విద్యార్థులందరికీ తలుపులు తెరిచింది. కళాశాల గడప తొక్కిన మొదటి తరం పిల్లలు వేలల్లో వచ్చారు. వారిలో చాలామందికి వ్యాసం రాయడం కొత్త. విద్యార్థి పక్కన కూర్చుని రాతలో తోడ్పడే రైటింగ్ సెంటర్లు ఆ దశకంలో దేశమంతటా విస్తరించడానికి ఇలాంటి మార్పులే ప్రధాన కారణం.

అక్కడ జరిగే పని పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. విద్యార్థి తన చిత్తుప్రతితో వస్తాడు. ట్యూటర్ తరచుగా మరో విద్యార్థే, రెండేళ్లు సీనియర్ కావచ్చు. కలం మాత్రం రాసినవాడి చేతిలోనే ఉంటుంది. పైకి చదవమంటారు. చదువుతూ చదువుతూ ఒకచోట అతని గొంతు తడబడుతుంది. ‘ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు?’ అని ట్యూటర్ అడుగుతాడు. విద్యార్థి నోటితో చెప్పిన జవాబు కాగితం మీది వాక్యం కన్నా సూటిగా ఉంటుంది. ‘ఇప్పుడు చెప్పిందే రాయి’ అంటాడు ట్యూటర్. అరగంటలోనో ముప్పావుగంటలోనో ఒక పేరా బాగుపడితే ఆ పూటకు అదే ఎక్కువ.

ఈ నేర్పు పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఒక్కో కళాశాలలో ఈ పని చేసే ఉద్యోగులు ఒకరో ఇద్దరో ఉంటారు. వారి కష్టసుఖాలు పక్క విభాగానికి కూడా అర్థం కావు. అందుకే ఒహాయో, మిషిగన్ పరిసర రాష్ట్రాల కళాశాలల వారు 1970ల చివరలోనే ప్రాంతీయ సంఘం పెట్టుకున్నారు. జాతీయ సంఘం 1983లో వచ్చింది, తర్వాత అది అంతర్జాతీయమైంది. ప్రాంతీయ సంఘాలే ముందు పుట్టడంలో ఆశ్చర్యమేమీ లేదు. బస్సులోనో కారులోనో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగినంత దూరంలో ఉన్నవారే ఒకరికొకరు అక్కరకు వస్తారు. ఈ సంఘాల సమావేశాల్లో మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్న విశేషం, డిగ్రీ చదువుతున్న ట్యూటర్లు కూడా ఆచార్యులతో సమానంగా వేదికెక్కి తమ అనుభవాలు చెప్పడం.

ఆ చర్చల్లో మన పిల్లల ప్రస్తావనా ఉంటుంది. 2023–24లో అమెరికాలో చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగువారి సంఖ్య చిన్నది కాదు. వ్యాకరణం దిద్దడం తమ పని కాదని రైటింగ్ సెంటర్లు చాలాకాలం గట్టిగా నమ్మాయి. ఇంగ్లీషు ఇంటి భాష కాని విద్యార్థిని ‘నీ తప్పు నువ్వే కనిపెట్టు’ అంటే ఎలా కనిపెడతాడని ట్యూటర్లే నిలదీశారు. ఆ నియమం క్రమంగా సడలింది. సంఘమంటూ లేకపోతే ఈ ప్రశ్న ఏ గదికి ఆ గదిలోనే మిగిలిపోయేది.

మన దేశంలో అశోకా విశ్వవిద్యాలయంలోనూ, మన శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయంలోనూ రాతకు ప్రత్యేక కేంద్రాలున్నాయి. రెండూ ప్రైవేటు సంస్థలు. అసలు అవసరం మరోచోట ఉంది. పదో తరగతి మార్కులతో గ్రామీణ విద్యార్థులను చేర్చుకోవాలని 2008లో ఆర్జీయూకేటీని (ట్రిపుల్ ఐటీలుగా పేరున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయం) నెలకొల్పారు. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్ల బాసరలోనో నూజివీడులోనో అడుగుపెట్టగానే పాఠాలన్నీ ఇంగ్లీషులోకి మారిపోతాయి. ల్యాబ్ రికార్డు నుంచి చివరి ఏడాది ప్రాజెక్టు దాకా ఆమె ఇంగ్లీషులోనే రాయాలి. రైటింగ్ సెంటర్ మొదట పెట్టవలసింది అక్కడే.

కృత్రిమ మేధ ఉండగా ఇదంతా ఎందుకని కొందరు అడుగుతున్నారు. అడిగిన క్షణంలో అది పేరా రాసిస్తుంది, నిజమే. మౌఖిక పరీక్షలో ఆ పేరాను సమర్థించుకోవలసింది మాత్రం విద్యార్థే. తన వాదన తనకు అర్థమయ్యేదాకా ఓపికగా ప్రశ్నించే సీనియర్ అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఈ విద్యా సంవత్సరంలోనే బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ప్రాంగణాల్లో ఒక్కో గది, ఒక్కో పూర్తికాలపు అధ్యాపకుడు, వేతనం పొందే విద్యార్థి ట్యూటర్లతో ఈ కేంద్రాలు ప్రారంభించాలి. అన్ని ప్రాంగణాల ట్యూటర్లు ఏడాదికి రెండుసార్లయినా ఒకచోట కలుసుకునేలా ప్రయాణ ఖర్చులను బడ్జెట్‌లోనే చూపాలి. తెలుగులో సిద్ధాంత గ్రంథాలు రాస్తున్న పరిశోధకులకూ అందులో చోటివ్వాలి. వారికీ ఇలాంటి తోడు ఇప్పటిదాకా దొరకలేదు.