దెబ్బలన్నీ కాళ్లూ చేతుల మీదే పడ్డా అది హత్యే

1968లో గుంటూరు జిల్లాలో ఒక బస్టాండు దగ్గర యాభై దాటిన మనిషిని బరువైన కర్రలతో కొట్టారు. దెబ్బలన్నీ కాళ్ల మీద, చేతుల మీదే. ఎముకలు విరిగాయి, మర్నాటికి ప్రాణం పోయింది. సెషన్స్ కోర్టు దాన్ని హత్య అంది. హైకోర్టు మాత్రం హత్య కిందికి రాని నరహత్యగా తగ్గించింది. చంపాలనుకుంటే తల మీదే కొట్టేవారు కదా అన్నది నిందితుల వాదన. 1976లో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. చంపాలన్న కోరిక రుజువు కాకపోయినా సరే, కావాలని చేసిన ఆ గాయాలు సహజంగా ప్రాణం తీసేంతటివైతే అది హత్యేనని తేల్చింది.

అభియోగం తగ్గిందనగానే కేసును నీరుగార్చారని మనం ఆగ్రహిస్తాం. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు. కానీ చావు ఒకటే అయినా నేరం ఒకటే కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో హత్యకు సెక్షన్ 103 కింద ఉరి లేదా యావజ్జీవం. హత్య కిందికి రాని నరహత్యకు సెక్షన్ 105. నిర్లక్ష్యం వల్ల జరిగిన మరణానికి సెక్షన్ 106 కింద మామూలుగా అయిదేళ్ల దాకా జైలు. వీటిని విడదీసేది మనిషి మనసులో ఉన్న ఉద్దేశం, అతనికున్న ఎరుక. మనసును ఎవరూ చూడలేరు కాబట్టి ఆయుధం, గాయం లోతు, దెబ్బల సంఖ్య, ముందూ వెనకా జరిగిన మాటలే సాక్ష్యం.

ఎదుటివారు హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొట్టడంతో అదుపు తప్పి చంపానంటే హత్య నరహత్యగా తగ్గవచ్చు. తీవ్రమైన ఆకస్మిక ప్రేరేపణ అనే ఈ వాదన నిలవాలంటే కోపం చల్లారే వ్యవధి ఉండకూడదు. నౌకాదళ అధికారి నానావతి తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసులో 1961లో సుప్రీంకోర్టు చూసింది అదే. భార్య ఆ సంబంధం గురించి చెప్పాక నానావతి కుటుంబాన్ని సినిమా హాలు దగ్గర దింపి, ఓడకు వెళ్లి రివాల్వరు తీసుకున్నాడు. కాల్పులకు ముందు దాదాపు మూడు గంటలు గడిచాయి.

ఆత్మరక్షణ వాదనకు మనం ఇవ్వాల్సినంత విలువ ఇవ్వడం లేదని నా అభిప్రాయం. దాన్ని నిరూపించే భారం నిందితుడిదే అయినా, ప్రాసిక్యూషన్ మోయాల్సినంత బరువు అతని మీద ఉండదు. అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. తన తరఫున సాక్షిని పిలవకపోయినా ప్రాసిక్యూషన్ సాక్షుల మాటల్లోంచే అది చూపవచ్చు. అందుకే అరెస్టు నాడు నిందితుడి ఒంటి మీద ఉన్న గాయాలను డాక్టరు రాసిన కాగితం అంత ముఖ్యం. అతని ముంజేతి మీద కత్తి గాటు ఎలా పడిందో ప్రాసిక్యూషన్ చెప్పలేకపోతే, దాడి ఎవరు మొదలుపెట్టారన్న ప్రశ్న మళ్లీ కోర్టు ముందుకు వస్తుంది. డబ్బులేని నిందితుడి తరఫున ఆ కాగితం అడిగేవారు ఉండాలి.