గరిక దొంగ

వినాయక చవితినాడు తెల్లవారి ఆరున్నరకు, పట్టుపంచె కట్టుకుని, పక్కింటివారి పచ్చికలో మోకాళ్ల మీద కూర్చుని, నోట్లో గరిక కట్టతో నేను దొరికిపోయాను. ఆ వీడియోను మా కాలనీలో ఇప్పటికే అందరూ చూశారు. కాబట్టి దాచడానికి ఏమీ లేదు.

మేముండేది టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన. ఇంటితో పాటు వెనక అర ఎకరం జాగా వచ్చింది. అచ్చం మన నల్లరేగడే. వేసవిలో బీటలు వారుతుంది, వాన పడితే కాలి చెప్పు వదలదు. ఈ నేల మీద ఒకప్పుడు మనిషి ఎత్తు గడ్డి ఊగేదట, అడవిదున్నలు మందలుగా మేసేవట. బ్లాక్‌లాండ్ ప్రెయిరీ అంటారు. ఇప్పుడు నూటికి ఒక వంతు కూడా మిగల్లేదు. ముందు పత్తి చేలయింది, ఆ తర్వాత మా ఇళ్లయింది. ఆ పాపంలో నా వాటా అర ఎకరం కనుక, దాన్నయినా మళ్లీ ప్రెయిరీ చేద్దామనుకున్నాను. పాపభీతితో పాటు నీళ్ల బిల్లు భీతి కూడా ఉందని మా ఆవిడ సాక్ష్యం చెబుతుంది.

ఈ పనులు చేసిపెట్టే ఒకాయనను పిలిచాం. ఆయన చెప్పిన ధర విని, మంచినీళ్లిచ్చి పంపించాం. కుండీ మొక్కలు కొనకుండా విత్తనాలు చల్లుకుంటే చవక అని తెలిసి, లిటిల్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్, సైడ్‌ఓట్స్ గ్రామా అనే ప్రెయిరీ గడ్డి విత్తనాలు కలిపి ఒక సంచి తెచ్చాను. విత్తనం దూదిలా ఉంటుంది, తడి ఇసుకలో కలిపితే తప్ప చేతి నుంచి నేల మీదికి దిగదు. సరే, అంత దూరం వస్తే కదా. విత్తే ముందు ఉన్న గడ్డిని చంపాలి. అది చంపకుండా పైన ఎంత ఖరీదైన విత్తనం చల్లినా పక్షులకు సంతర్పణే.

ఉన్న గడ్డి పేరు బెర్ముడా. పేరు చూసి నేనూ ఏదో దొరల గడ్డి అనుకున్నాను. తీరా వంగి చూస్తే మన గరిక! కణుపు కణుపుకూ వేరు వేస్తుంది. పైన కోస్తే కింద పాకుతుంది, కింద తవ్వితే పక్కన లేస్తుంది. అమ్మ పూజలో చదివే దూర్వా మంత్రంలో కూడా కణుపు కణుపునా మొలిచేదానా అనే వస్తుంది. ఆ మంత్రం అర్థం ముందే అడిగి ఉంటే నాకు నాలుగు నెలలు కలిసివచ్చేవి.

గరికను చంపడానికి గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టాలి, అదీ ఒక్కసారి కాదు. పైగా ఎండిన గడ్డి మందు తాగదు. అందుకని ముందు నీళ్లు పోసి, పచ్చగా పెంచి, అది హాయిగా ఉన్నప్పుడు కొట్టాలి. బలి మేకకు పెట్టే మేతలాంటిది. మే నుంచి ఆగస్టు దాకా మూడు తడవలు కొట్టాను. జాగా అంతా గోనెసంచి రంగుకు తిరిగింది. అప్పుడే అమ్మ ఇండియా నుంచి దిగి, "ఒరేయ్, ఇదేమిట్రా ఇలా మాడిపోయింది?" అంది. ఎండకమ్మా, అన్నాను. వినాయకుడికి పెట్టే గరికకు విషం పోశానని కన్నతల్లికి చెప్పే ధైర్యం నాకు లేదు.

మా ఇళ్ల యజమానుల సంఘానికి ఏ ధైర్యానికీ కొదవ లేదు. మీ పచ్చిక చనిపోయినది, సరిచేయండి అని ఫోటోతో సహా ఉత్తరం పంపింది. నీళ్లు తక్కువ తాగే మొక్కలు పెంచుకోవడాన్ని ఇలాంటి సంఘాలు అడ్డుకోకూడదని 2013లో ఇక్కడ చట్టం వచ్చింది. అయితే నమూనా చూపించి అనుమతి తీసుకోమని సంఘం అడగవచ్చు. అడిగింది. దరఖాస్తులో 'పచ్చిక రకం' అన్న గడికి మూడే జవాబులు: బెర్ముడా, సెయింట్ ఆగస్టీన్, జోయ్షియా. సైడ్‌ఓట్స్ గ్రామా 1971 నుంచి టెక్సాస్ రాష్ట్ర గడ్డి. రాష్ట్రానికి అది గడ్డి, మా సంఘానికి అది కలుపు.

ఇక చవితి ఉదయం. అమ్మ పత్రి సర్దుతోంది. దుకాణంలో తెచ్చిన ప్యాకెట్టులో మామిడాకులు, ఏ చెట్టువో ఎవరూ చెప్పలేని మరికొన్ని ఆకులు ఉన్నాయి. "దొరకని వాటికి అక్షతలు వేద్దాం. గరిక మాత్రం ఉండాల్సిందే. అనలాసురుణ్ణి మింగి స్వామి కడుపు మండితే చల్లార్చింది అదే. ఇరవై ఒక్క జంటలు. కత్తెర పెట్టకు, చేత్తో తుంచు. పోసకు మూడాకులుండాలి."

టెక్సాస్‌లో అడుగు తీసి అడుగు వేస్తే ఉండేది ఆ గడ్డే. ఒక్క మా ఇంట్లో తప్ప.

పక్కింటాయన పచ్చిక జంపఖానాలా ఉంటుంది. ఆయన సంఘం కార్యవర్గంలో సభ్యుడు కూడా. ఊళ్లో లేడని తెలిసే వెళ్లాను. అయితే వారానికోసారి యంత్రంతో గొరిగించుకునే పచ్చికలో మూడాకుల పోస దొరకడం, క్షౌరం చేయించుకున్న తలలో జడకు వెంట్రుకలు ఏరడంలాంటిది. యంత్రం అందని చోటు వీధి వాకిలి మెట్టు పక్కన ఒకటే. అక్కడ కూర్చుని ఒక్కొక్కటే తుంచుతున్నాను. పద్దెనిమిదో జంట దగ్గర నేలలోంచి బుస్సుమని నీటి గొట్టాలు లేచాయి. పట్టుపంచె తడిస్తే ఎంత బరువెక్కుతుందో, ఎంత తొందరగా జారుతుందో కట్టినవారికే తెలుసు. ఎడమ చేత్తో పంచె పట్టుకున్నాను. కుడిచేయి తుంచే పనిలో ఉంది. గరిక కట్టను తడి నేల మీద పెట్టడానికి మనసొప్పక పళ్ల మధ్య పెట్టుకున్నాను.

అప్పుడు కెమెరా ఉన్న తలుపు గంట మాట్లాడింది. మీరు రికార్డు అవుతున్నారు అని ముందు యంత్రం, తర్వాత ఎక్కడో వేరే రాష్ట్రంలో నిద్ర లేచిన పక్కింటాయన గొంతు. "ఎవరు మీరు?" ఒక క్షణం ఆగి, చాలా మర్యాదగా, "మా గడ్డి తింటున్నారా?"

ఏనుగు తల దేవుడు అగ్నిరాక్షసుణ్ణి మింగాడు, ఆయన కడుపు మంటకు మీ పచ్చిక మందు అని గంటకు ఎలా చెప్పాలి? చెప్పాలన్నా నోరు ఖాళీ లేదు. మనవాళ్లందరికీ తెలిసిన తల ఊపు ఒకటుంది కదా, అవునూ కాదూ కాకుండా, పక్కకు వాల్చి. అది ఊపాను. ఆయన దాన్ని అవునని తీసుకున్నాడు. "కడుపు నిండా తినండి, కానీ అక్కడ మొన్ననే ఎరువు చల్లించాను" అన్నాడు. పాపం, మంచివాడే. వీడియో కాలనీ గ్రూపులో ఎందుకు పెట్టాడో మాత్రం తెలియదు.

నీళ్లు కారుతూ ఇంటికొచ్చి కట్ట అందిస్తే అమ్మ చేయి చాపలేదు. "నోట్లో పెట్టుకున్నావా? ఎంగిలి!"

కట్ట పారేసి, బుట్ట తీసుకుని తనే మా వెనక జాగాలోకి నడిచింది. ఏసీ నీళ్లు కారే మూల, గోనెసంచి రంగు మధ్యలో, లేతగా, నిగనిగలాడుతూ గరిక. పోసకు మూడాకులు. నలభై రెండు తుంచింది. "ఎంత ఎండకయినా గరిక చావదురా" అని నాకు ధైర్యం కూడా చెప్పింది.

సంఘం నుంచి రెండో ఉత్తరం నిన్న వచ్చింది. విత్తనాల సంచి గరాజులో ఉంది, ఎలుకలు దాని జాడ కనిపెట్టాయి. అమ్మ తిరుగు ప్రయాణం నవంబరులో. అప్పటిదాకా ఆ మూలకు రోజూ రెండు పూటలా చెంబుతో నీళ్లు పోస్తోంది. మందు కొట్టే ముందు చేయమని డబ్బా మీద రాసింది కూడా అదే.