ఓడలో టిప్పు తీసేయించమనే ఆ మెసేజ్ గురించి

ఈ నెలలో ఆ మెసేజ్ నాకు ఏడుసార్లు వచ్చింది. మా కాలనీ గ్రూపులో రెండుసార్లు, పదో తరగతి స్నేహితుల గ్రూపులో మూడుసార్లు, కావలిలో ఉన్న మా ఆడపడుచు నుంచి ఒకసారి. నిన్న పొద్దున మా ఆయనే నాకు పంపించాడు. "క్రూయిజ్ వెళ్లేవాళ్లూ జాగ్రత్త! టిప్పుల పేరుతో దోపిడీ! ఇలా చేస్తే మీ పాతిక వేలు మీకే!" అని పైన పెద్ద అక్షరాలు, కింద వరసగా పాయింట్లు. ఓడ కంపెనీ మనిషికి రోజుకు ఇంత అని మన బిల్లులో తనంతట తానే వేసే టిప్పును ఎలా తీసేయించుకోవాలో అందులో చెబుతారు. ఏడోసారి వచ్చేసరికి ఇక ఊరుకోబుద్ధి కాలేదు. పోయిన వేసవి సెలవుల్లో మేము చెన్నై నుంచి సింగపూర్ వెళ్లి నాలుగు రాత్రులు ఓడలో తిరిగి వచ్చాం. నేను, మా ఆయన, పదేళ్ల మా అబ్బాయి, మా అత్తమ్మ. కాబట్టి ఇది విని చెబుతున్నది కాదు.

తేలికగా పోయేవి ముందు చెబుతాను. "జపాన్‌లో టిప్పు ఇస్తే అవమానంగా అనుకుంటారు" అట. నిజమే, అక్కడ ఆ అలవాటు లేదు. మనం ఎక్కేది జపాన్ హోటల్ కాదు. ఆ పాయింటు అక్కడితో సరి. "బార్ బిల్లులోనే 18 శాతం వేస్తున్నారు, మళ్లీ రోజువారీ టిప్పు ఎందుకు" అట. ఆ 18 శాతం, కొన్నిచోట్ల 20, గ్లాసు అందించినవాళ్ల లెక్క. మన పక్క దులిపినవాడికి దాంతో సంబంధం లేదు. "పిల్లలకు కూడా పెద్దవాళ్లతో సమానంగా వేస్తారు" అన్నది సగం నిజం. కొన్ని కంపెనీలు మరీ చిన్నపిల్లలకు వేయవు, కొన్ని అందరికీ వేస్తాయి, బుక్ చేసేటప్పుడే అడిగి తెలుసుకోవచ్చు. కానీ మావాడు ఉన్న గదిలో నేల మీద చిప్స్ ముక్కలు, బాత్రూంలో నాలుగు తడి టవళ్లు, దుప్పటి మీద ఐస్‌క్రీం మరక రోజూ చూసినదాన్ని. పిల్లలుంటే పని తగ్గుతుందని నేనైతే అనలేను.

చట్టం పేరు చెప్పి భయపెట్టే పాయింటు ఇంకొకటి. "భారత ప్రభుత్వం సర్వీస్ చార్జీని నిషేధించింది, కౌంటర్ దగ్గర కన్స్యూమర్ కోర్టు మాట ఎత్తండి" అని. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ చార్జీని వాటంతట అవే కలపకూడదని 2022 జూలై 4న సీసీపీఏ, అంటే వినియోగదారుల హక్కులు చూసే కేంద్ర సంస్థ, మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇంతవరకు నిజం. అవి మన దేశంలోని హోటళ్లకు, రెస్టారెంట్లకు. సింగపూర్‌లో బయలుదేరే ఓడలో వాటిని చూపించి ఏం లాభం? పైగా టిప్పు ఇవ్వడం తినేవాళ్ల ఇష్టం అన్నదే ఆ మార్గదర్శకాల ఉద్దేశం. ఎవరికీ ఏమీ ఇవ్వొద్దని అందులో ఎక్కడా లేదు.

చట్టం మాట వచ్చింది కాబట్టి, మెసేజ్ రాసినవాళ్లు వదిలేసిన చట్టం ఒకటుంది. పెద్ద క్రూయిజ్ ఓడల్లో చాలావాటి రిజిస్ట్రేషన్ బహామాస్, పనామా, మాల్టా లాంటి చోట్ల ఉంటుంది. ఓడ ఏ దేశం జెండాతో తిరిగితే ప్రధానంగా ఆ దేశం కార్మిక చట్టమే దాని మీద నడుస్తుంది. సింగపూర్‌లో ఎక్కినా అమెరికాలోని మయామీలో ఎక్కినా, ఆ ఊళ్లో హోటల్ పనివాడికి ఉండే రక్షణ ఓడలో పనివాడికి ఉండదు. ఇది తెలిసినవాళ్లెవరూ "వాళ్లకు డాలర్లలో లక్షల జీతం, మన టిప్పు వాళ్లకో లెక్కా" అనే పాయింటు రాయరు.

లక్షలా? అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కలో అనుభవమున్న నావికుడి కనీస మూల వేతనం 2025లో నెలకు 673 డాలర్లు. మన డబ్బుల్లో 60 వేలకు అటూ ఇటూ. అదీ ఓడను నడిపే పనిలో ఉన్నవాడికి. గదులు తుడిచేవాళ్లకు, ప్లేట్లు కడిగేవాళ్లకు చాలా కంపెనీల్లో మూల జీతం తక్కువ పెట్టి, మిగతాది టిప్పుల్లో వస్తుందని చూపించి ఉద్యోగంలోకి తీసుకుంటారు. ఇక పని గంటలు. ఓడ పనివాళ్లను కాపాడటానికి 2006లో అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం రాసుకున్నారు. 2013 ఆగస్టు 20 నుంచి అది అమల్లో ఉంది, 2015లో మన దేశమూ ఆమోదించింది. దాని ప్రకారం రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు దాటి పని చేయించకూడదు. లేదంటే వారంలో 77 గంటలు తగ్గకుండా విశ్రాంతి ఇవ్వాలి. ఈ రెండో లెక్క పట్టుకుంటే వారానికి 91 గంటలు పని చేయించినా తప్పు కాదు. కాపాడే ఒప్పందమే ఇలా ఉంది.

మా అన్నయ్య కొడుకు కందుకూరు నుంచి వెళ్లి ఓడ లాండ్రీలో మూడు కాంట్రాక్టులు చేశాడు. ఓడ ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోకూడదని ఆ ఒప్పందంలోనే ఉంది. మా అన్నయ్య మాత్రం ఎకరం చేను తాకట్టు పెట్టి ఒక ఏజెంటుకు కట్టాడు. ఎక్కిన తర్వాత ఎనిమిది నెలలు వాడికి పూర్తి సెలవు అంటూ ఒక్క రోజు లేదు. దిగి ఇంటికొచ్చిన రెండు నెలలూ జీతం లేదు. పని చేసే చోట కిటికీ లేదు. వీడియో కాల్‌లో వాడి మాట కంటే వెనక యంత్రాల హోరే ఎక్కువ వినిపించేది. "అత్తా, బయట ఎండ ఉండాదో వాన ఉండాదో కూడా నాకు తెలవదు" అన్నాడొకసారి. అప్పటికి నేను ఓడ ఎక్కలేదు. ఆ మాట అర్థమైంది, మా గదిలో రోజూ మారే తెల్లటి దుప్పట్లు చూసిన తర్వాత.

"ఆటోమేటిక్ టిప్పు తీసేయించి, మీ గది కుర్రాడికి చేతికి ఐదు డాలర్లు ఇవ్వండి, అదే ఎక్కువ" అని ఆ మెసేజ్ నేర్పుతోంది కదా. లాండ్రీలో ఉన్న మావాడి చేతికి ఎవరిస్తారు? వాడు ఎవరికీ కనిపించడు. రోజువారీ టిప్పును తెర వెనక పనిచేసేవాళ్లకు కూడా పంచుతామని చాలా కంపెనీలు తమ నిబంధనల్లోనే రాస్తాయి. మనిషికి రోజుకు 18 డాలర్లు అనుకుంటే నలుగురికి నాలుగు రాత్రులకు 288. అది తీసేయించి ఐదు చేతిలో పెట్టి, దాన్ని దానధర్మం అని చెప్పుకోవడానికి మనసెలా వస్తుంది? మిగిలిన 283 ఎవరి జేబులోకి వెళ్లాయో ఆ మెసేజ్ చివర్లో వాళ్లే రాశారు. "ఆ డబ్బుతో సింగపూర్‌లో షాపింగ్ చేసుకోండి" అట.

"మనం తీసేయిస్తే కంపెనీయే భరిస్తుంది" అన్న మాటకు మాత్రం నాకు నిజంగా కోపం వచ్చింది. ఎందుకంటే దీన్ని మా గ్రూపులో పెట్టినాయన రొయ్యల చెరువులు చేసే మనిషి. 2025 ఆగస్టులో అమెరికా 50 శాతం సుంకం వేసినప్పుడు ఏం జరిగిందో ఆయనకు తెలుసు. కొనే కంపెనీలు భరించాయా? కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క) రేటు తగ్గించాయి, చెరువు గట్టు మీద రైతు భరించాడు. ఆ రోజుల్లో ఇదే గ్రూపులో ఆయన రాత్రి ఒంటిగంటకు మెసేజ్‌లు పెట్టాడు, మేమంతా చదివి బాధపడ్డాం. పట్టుబడి రోజున వంద కౌంటు సరుకును తూకం దగ్గర ఇంకేదో కౌంటు అంటే ఎంత మండుతుందో చెప్పిందీ ఆయనే. పైనున్నవాడు నష్టాన్ని ఎప్పుడూ కిందికే తోస్తాడని ఆయనకు ఇంకొకరు చెప్పాలా? ఓడలో పనివాడి దగ్గరికొచ్చేసరికి కంపెనీ దేవుడైపోతుందా?

ఇక నన్ను ఇంత రాయించిన పాయింటు. "చివరి రోజు రాత్రి గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లండి. గది సరిగా శుభ్రం చేయలేదని, సర్వీస్ బాగాలేదని చెప్పండి. వాళ్లు ఏమీ అడగరు, వెంటనే తీసేస్తారు. వంద శాతం పనిచేస్తుంది."

పనిచేస్తుంది. మా ఓడలోనే పనిచేసింది, నా కళ్లతో చూశాను. మాతో చెన్నై నుంచి ఒకే విమానంలో వచ్చిన ఒంగోలు కుటుంబం ఒకటి మా గదికి రెండు గదుల అవతల ఉంది. మా వరస గదులన్నీ ఒకే అబ్బాయి చూసేవాడు. ఇండోనేషియా అబ్బాయి, పాతికేళ్లు కూడా ఉండవు. రెండో రోజు మా అత్తమ్మ చెవి దిద్దు పోయింది. ఆమెకు పెళ్లిలో పెట్టినవి అవి. గదంతా వెతికాం, లేదు. ఆమె అన్నం కూడా తినకుండా కూర్చుంది. ఆ అబ్బాయికి చెబితే, అప్పటికే కిందికి పంపడానికి మూట కట్టిన దుప్పట్లన్నీ విప్పి, ఒక్కొక్కటీ దులిపి చూశాడు. సాయంత్రం ఆరు దాటాక తలుపు కొట్టి, టిష్యూ కాగితంలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. మా అత్తమ్మకు ఇంగ్లీషు రాదు, వాడికి తెలుగు రాదు. ఆమె వాడి తల మీద చెయ్యి పెట్టింది, వాడు తల వంచి నిలబడ్డాడు.

నాలుగో రోజు రాత్రి సూపర్‌వైజర్ మా గదికి వచ్చింది. ఈ వరస నుంచి గది శుభ్రం చేయలేదని ఫిర్యాదు వచ్చింది, మీకూ ఏమైనా ఇబ్బంది కలిగిందా అని అడిగింది. ఏ గది నుంచో ఆమె చెప్పలేదు. చెప్పింది ఆ ఒంగోలాయనే. తెల్లారి టిఫిన్ దగ్గర మా ఆయనతో "కౌంటర్‌కెళ్లి ఒక్క మాట చెప్పాను, పాతిక వేలు మిగిలినయ్. మీరూ చెప్పాల్సింది" అన్నాడు. ఆయన గది శుభ్రంగా లేదా? తలుపు తీసి ఉన్నప్పుడు నేను చూశాను, మా గది ఎలా ఉందో అదీ అలాగే ఉంది. మెసేజ్‌లో చెప్పమన్నారు, చెప్పాడు.

ఇంటికొచ్చాక మా అన్నయ్య కొడుకును అడిగాను, ఇలాంటి ఫిర్యాదు పడితే ఏమవుతుందని. "డబ్బు పోతే పోయిందిలే అత్తా. కంప్లయింట్ పేరు మీద ఉండిపోతది. మళ్లీ కాంట్రాక్టుకు పిలిచేటప్పుడు అదే చూస్తారు" అన్నాడు. వాడికి తెలిసిన ఒక నేపాలీ కుర్రాడికి రెండు ఫిర్యాదుల తర్వాత మళ్లీ పిలుపు రాలేదట.

ఇప్పుడు చెప్పండి. ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసిన మీరంతా నాకు తెలిసినవాళ్లే. దసరా మామూలుకు వాచ్‌మన్ వస్తే లేదనకుండా ఇస్తారు. పెళ్లి పంక్తిలో వడ్డించిన కుర్రాళ్లను పిలిచి నోట్లు చేతిలో పెడతారు. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద పక్కింటావిడ లేనిపోని నింద వేస్తే గొడవకు వెళతారు. సముద్రం మీద, భాష రాని ఒక పిల్లవాడు పని చేయలేదని అబద్ధం చెప్పడానికి మాత్రం చేతులు జోడించిన బొమ్మ పెట్టి "అందరికీ షేర్ చేయండి" అంటారా? టిప్పు ఇవ్వడం ఇష్టం లేకపోతే "నాకు ఇష్టం లేదు, తీసేయండి" అని చెప్పే ధైర్యం ఉండాలి. చాలా ఓడల్లో ఆ మాట చాలు, కారణం అక్కర్లేదు. మన పిసినారితనానికి వాడి పేరు పాడుచేయడం ఎందుకు?

ఒక విషయంలో మాత్రం ఆ మెసేజ్ రాసిన మనిషితో నేను ఏకీభవిస్తున్నాను. ఇది దోపిడీ అన్నాడు కదా, ఆ మాటలో నిజముంది. ఇష్టమైతే ఇచ్చేదాన్ని టిప్పు అంటారు. అడగకుండా ఖాతాలో రోజూ పడేది జీతం. కంపెనీ ఇవ్వాల్సిన జీతాన్ని టికెట్ ధరలో చూపించకుండా, టికెట్ చవక అనిపించేలా చేసి, తర్వాత మన మీద వేస్తోంది. ఆ డబ్బు ఎవరికి ఎంత చేరిందో మనకు లెక్క చూపించదు. మాకు టికెట్లు అమ్మిన ఏజెంటు టిప్పు గురించి ఒక్క ముక్క చెప్పలేదు. మూడో రోజు బిల్లు చూసి మా ఆయన ముఖం మాడిపోయింది, నాకూ గుండె గుభేల్మంది. మార్చలేని పద్ధతి కూడా కాదు ఇది. బ్రిటన్‌లోని పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019 మేలో ఈ రోజువారీ టిప్పును తీసేసి టికెట్ ధరలోనే కలిపేసింది. మిగతావాళ్లూ అలా చేస్తే నేను సంతోషంగా ఆ టికెట్టే కొంటాను. నిజంగా గది తుడవకపోతే, పిలిచినా రాకపోతే, మూడో రోజుదాకా ఆగకుండా మొదటి రోజే చెప్పండి, సరిచేయకపోతే తగ్గించమనండి. అందులో నాకు అభ్యంతరం లేదు.

మా గ్రూపులో రెండు కుటుంబాలు వచ్చే వేసవికి సింగపూర్ ఓడ బుక్ చేసుకున్నాయి. మీకు నా లెక్క ఇది. టికెట్, వీసా, చెన్నై నుంచి విమానం రాసుకున్న కాగితంలోనే కింద ఇంకో గీత గీయండి. మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్లు, ఎన్ని రాత్రులైతే అన్ని. కచ్చితమైన అంకె ఏజెంటుతో రాయించుకోండి, ముందే కట్టే వీలుంటే ఇక్కడే కట్టేయండి. మొత్తం చూసి ఎక్కువనిపిస్తే నాలుగు రాత్రుల బదులు మూడు రాత్రులవి తీసుకోండి.