అమెరికా మైదానంలో క్రికెట్‌కు చోటెందుకు దక్కలేదు?

అమెరికన్లకు ఓపిక లేదు కాబట్టి క్రికెట్ నచ్చలేదనీ, గోల్స్ తక్కువ పడతాయి కాబట్టి ఫుట్‌బాల్ రుచించలేదనీ మనలో చాలామంది తేలిగ్గా తేల్చేస్తుంటారు. గడియారం లెక్కన 60 నిమిషాలే ఉండే తమ సొంత ఫుట్‌బాల్ (చేతుల్తో బంతి పట్టుకుని ఆడే రగ్బీ తరహా ఆట) కోసం మూడు గంటలకు పైగా కూర్చునే జనానికి ఓపిక లేదనడం విడ్డూరం. ఆటలు సంఘాలుగా, లీగులుగా స్థిరపడుతున్న ఆ ఐదారు దశాబ్దాల్లో పెత్తనం ఎవరిదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

తొలి అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ 1844లో న్యూయార్క్‌లో, అమెరికా, కెనడా జట్ల మధ్య జరిగింది. ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల తొలి టెస్టు అప్పటికింకా 33 ఏళ్ల దూరంలో ఉంది. 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక సైనిక శిబిరాల్లో బేస్‌బాల్ పుంజుకుంది. క్రికెట్‌కు రోలర్ తిప్పి చదును చేసిన పిచ్ కావాలి; బేస్‌బాల్‌కు ఖాళీ పొలంలో నాలుగు గుర్తులు పెట్టుకుంటే సరిపోతుంది. యుద్ధం ముగిశాక దానికి జాతీయ గర్వం తోడైంది. బేస్‌బాల్ పుట్టుక తేల్చడానికి 1905లో వేసిన మిల్స్ కమిషన్, అది అచ్చంగా అమెరికన్ సృష్టేనని, 1839లో కూపర్స్‌టౌన్‌లో అబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడని తీర్పు చెప్పింది. చరిత్రకారులు ఆ కథను ఏనాడో కొట్టిపారేశారు, కానీ అప్పటికి దాని పని అది చేసేసింది. అవతలి పక్షమూ తక్కువ తినలేదు: 1909లో ఏర్పడిన ఇంపీరియల్ క్రికెట్ కాన్ఫరెన్స్ (నేటి ఐసీసీకి పూర్వరూపం) సభ్యత్వాన్ని బ్రిటిష్ సామ్రాజ్య దేశాలకే పరిమితం చేసింది. అమెరికాకు 1965 దాకా అందులో ప్రవేశం దొరకలేదు.

ఫుట్‌బాల్ కథ విశ్వవిద్యాలయాల్లో మలుపు తిరిగింది. 1874లో హార్వర్డ్ విద్యార్థులు మాంట్రియల్‌కు చెందిన మెక్‌గిల్ జట్టుతో రగ్బీ తరహా ఆట ఆడి దానికే మొగ్గారు. మిగతా కళాశాలలు క్రమంగా ఆ దారి పట్టాయి; అదే అమెరికన్ ఫుట్‌బాల్‌గా మారింది. బ్రిటిష్ నావికులు, రైల్వే ఉద్యోగులు అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరీస్ వంటి రేవుల్లో పరిచయం చేసిన, కాళ్లతో ఆడే ఫుట్‌బాల్‌కు అమెరికాలో అలా చోటు దొరకలేదు. అయినా 1921లో మొదలైన అమెరికన్ సాకర్ లీగ్ (ఈ ఫుట్‌బాల్‌ను అక్కడ సాకర్ అంటారు) స్కాట్లాండ్ నుంచి ఆటగాళ్లను జీతాలిచ్చి రప్పించగలిగింది. దాన్ని కూల్చింది ప్రేక్షకుల అభిరుచి కాదు, 1928లో జాతీయ సాకర్ సమాఖ్యతో వచ్చిన తగాదా, ఆ వెంటనే ముంచుకొచ్చిన ఆర్థిక మాంద్యం.

2024 జూన్‌లో డాలస్ పక్కనున్న గ్రాండ్ ప్రెయిరీలో అమెరికా జట్టు సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ను ఓడించింది. ఆ ఓవర్ వేసిన సౌరభ్ నేత్రావల్కర్ ఒరాకిల్ ఇంజనీరు. ఆ స్టేడియం ఒకప్పుడు బేస్‌బాల్‌ది. హైదరాబాద్‌లో క్రికెట్ ఆడుతూ పెరిగిన సత్య నాదెళ్ల అక్కడి క్రికెట్ లీగ్‌లోని సియాటిల్ ఓర్కాస్ జట్టులో పెట్టుబడి పెట్టారు. ఇదంతా ఇప్పటికి వలసవచ్చినవారి ఉత్సాహమే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్ ఉన్నా, కళాశాల స్కాలర్‌షిప్ తెచ్చిపెట్టని ఆటకు అక్కడి తల్లిదండ్రులు పిల్లల వారాంతాలను కేటాయిస్తారా అన్నది నాకైతే అనుమానమే.