గేటు దగ్గరి అరువు బూట్లకు ఒక లేఖ

మహారాజశ్రీ నల్ల బూట్ల జంట గారికి,

ఇక్కడ మా బాబాయి కాలి బొబ్బలు తగ్గాయి. మీరూ ఆ కళా క్లబ్బు సెక్యూరిటీ బల్ల కింద క్షేమమని తలుస్తాను.

వార్షికోత్సవంలో రాయబారం పద్యాలు పాడమని మీవాళ్లే పిలిచారు, కారు కూడా పంపారు. గేటు దగ్గర కుర్రాడు బాబాయిని ఎగాదిగా చూసి, "పంచె పర్లేదు సార్, చెప్పులే కుదరవు. బూట్లుండాలి, రూల్" అన్నాడు. అప్పుడే మీ దర్శనమైంది. మీరు పది నంబరు, బాబాయి కాలు ఏడు. కుర్రాడికి అలవాటే కాబోలు, ముందు కుక్కడానికి పాత పేపర్లు సిద్ధంగా ఉంచాడు. ఎడమ బూటుకి లేసు బదులు పురికొస.

లోపల గోడ మీద పెద్ద ఆయిల్ పెయింటింగ్. నాట్లేసే ఆడవాళ్లు, మోకాళ్లదాకా బురద. ఫ్రేములో ఉన్నారు కాబట్టి వాళ్లకి రూల్ లేదు.

"ఇది మా సంప్రదాయం" అన్నారు సెక్రటరీ గారు. నిజమే, ఈ ఊరికి క్లబ్బులు కొత్త కాదు. సికింద్రాబాద్ క్లబ్బు 1878 నాటిది, నిజాం క్లబ్బు 1884 నాటిది. ఆ మరుసటి ఏడే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారి కుటుంబం కీచకవధ నాటకం ఆడింది, సురభి నాటక సమాజం అలా మొదలైంది. వాళ్లదీ ఒకరకంగా ప్రైవేటు క్లబ్బే, ఆ ఇంట్లో పుట్టినవాళ్లకే వేషం. కాకపోతే వెయిటింగ్ లిస్టు తొమ్మిది నెలలే! మీ దగ్గర తండ్రి దరఖాస్తు పెడితే కొడుక్కి అందుతుందట.

అన్నట్టు, ఈ ఊళ్లో సినిమా ఘర్ అనే మ్యూజియం పెట్టిన చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ గారు చెప్పుల్లేకుండానే తిరిగేవారు. బొంబాయిలో ఒక క్లబ్బు అందుకే ఆయన్ని గేటు దాటనివ్వలేదు. మీలాంటి జంట అక్కడ ఉండుంటే గట్టెక్కేవారేమో.

సరే, బాబాయి టపటపమంటూ వేదిక దాకా నడిచాడు. మెట్ల దగ్గర ఆగి మిమ్మల్ని విప్పేశాడు, మెట్టుని తాకి కళ్లకద్దుకున్నాడు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభ 1966లో పుట్టింది, బాబాయి అంతకుముందు నుంచే పాడుతున్నాడు. వేదిక మీద కాలికి ఏమీ ఉండకూడదన్నది ఆయన రూల్. సెక్రటరీ గారికి టెన్షన్. విప్పమనాలా, తొడుక్కోమనాలా?

బాబాయి ముప్పావుగంట పాడాడు. మొదటి వరుస మొత్తం ఫోన్లలో ఉంది. మీరిద్దరు మాత్రం మెట్ల దగ్గర నోరు తెరుచుకుని కదలకుండా విన్నారు.

శాలువా కప్పారు. తిరిగొచ్చేసరికి గేటు దగ్గర డ్యూటీ మారింది. కొత్తవాడు "బూట్లు అప్పగించడమైనది" అని సంతకం పెట్టించుకున్నాడు గానీ, బాబాయి చెప్పులు కనబడలేదన్నాడు. బాబాయి ఉత్త కాళ్లతోనే కారెక్కాడు.

మీరుండేది బల్ల కిందే కాబట్టి కాస్త చూడండి. గోధుమరంగువి, ఏడు నంబరు, కుడిదానికి బొటనవేలి దగ్గర తెల్లదారంతో కుట్టు ఉంటుంది.