సవరణ: రోమన్ల ‘కార్కెర్’ గురించి

లాటిన్ మాట ‘కార్కెర్’ మీద రాసిన పోస్టులో, అది నేరస్థులు ఏళ్ల తరబడి శిక్ష అనుభవించిన జైలు అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: విచారణ దాకానో, మరణశిక్ష అమలయ్యే దాకానో మనిషిని పట్టి ఉంచే చోటు. రోమ్‌లో కాపిటోలిన్ కొండ కింద ఉన్న కార్కెర్ నేలమాళిగలోనే క్రీ.పూ. 63లో, రోమ్ ప్రభుత్వాన్ని కూలదోయాలని కాటిలీన్ అనే నాయకుడితో కలిసి కుట్ర పన్నిన ఐదుగురిని, విచారణ కూడా లేకుండా, గొంతు బిగించి చంపారు. తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఖైదు ఉన్నది ఆపి ఉంచడానికే తప్ప శిక్షించడానికి కాదని రోమన్ న్యాయవేత్త ఉల్పియన్ తేల్చి చెప్పాడు. గవర్నర్లు జైలు శిక్షలు వేస్తూనే ఉన్నారు కాబట్టే ఆయన అలా చెప్పాల్సి వచ్చింది.

ఇంకొకటి. బహువచనం ‘కార్కెరేస్’ అంటే రోమ్‌లోని పందేల మైదానం సర్కస్ మాక్సిమస్‌లో రథాల పందెం మొదలయ్యే గేట్లు కూడా. అవి 12.